ఏడు వందల పిట్టలు, మూడు వేల పంజరం

పిట్టల దుకాణంలో అన్నిటికన్నా చవక పిట్టే. ముర్గీ చౌక్ పరిసరాల్లో దుకాణాలన్నీ తిరిగి, బడ్జీల జంటను ఏడు వందలకు బేరమాడాను. మనవాళ్లు లవ్ బర్డ్స్ అనేది వీటినే. పంజరం దగ్గర మాత్రం బేరం కుదరలేదు. దుకాణదారు ఆరు వందల గుండ్రటి పంజరం చూపించి, "ఇది చాలమ్మా, చిన్న పిట్టలే కదా" అన్నాడు. బడ్జీ అడ్డంగా ఎగిరే పిట్ట. దానికి కావలసింది పొడుగు పంజరం, ఊచల మధ్య అర అంగుళానికి మించని సందు. అలాంటిది దాదాపు మూడు వేలు పడింది. మా ఆయన బిల్లు చూసి ఏమీ అనలేదు. అంటే చాలా అనుకున్నారన్నమాట.

ఏ పిట్ట కొనాలో మాత్రం దుకాణానికి వెళ్లకముందే తేల్చుకున్నాం. ధర చూసి కాదు, ఆయుష్షు చూసి. బడ్జీ బాగా చూసుకుంటే అయిదు నుంచి పదేళ్లు బతుకుతుంది. కాక్‌టీల్ పదిహేను, ఇరవై ఏళ్లు కూడా ఉంటుంది. మా పాపకిప్పుడు పదేళ్లు. కాక్‌టీల్ కొంటే, పాప చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, బహుశా వేరే ఊరికి వెళ్లిపోయాక కూడా గింజలు పోసేది నేనే. ఇరవై ఏళ్ల ఇంటి అప్పు ఒకటి ఇప్పటికే ఉంది, రెండోది వద్దనుకున్నాను. పైగా కాక్‌టీల్ రెక్కల నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది. మా అత్తయ్యకు ఆయాసం.

రామచిలుక సంగతి ఎత్తిందీ అత్తయ్యే. వాళ్ల పుట్టింట్లో ఉండేదట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం, జైలు దాకా వెళుతుంది వ్యవహారం. రంగులు పూసి అమ్మే మునియాలదీ అదే సంగతి. రంగురంగుల కన్యూర్‌లు విదేశీ పిట్టలే గానీ, 2024 నిబంధనల ప్రకారం వాటిని ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీకి ఆ బాధ లేదు.

డబ్బు ఇచ్చాక దుకాణదారు ఒక చిన్న మట్టి కుండ పంజరంలో పెట్టబోయాడు. "ఇది ఫ్రీ అమ్మా." వద్దన్నాను. ఆయనకు ఆశ్చర్యం. బడ్జీలు తొర్రల్లో గుడ్లు పెట్టే జాతి. కుండ లేకపోతే చాలావరకు ఆ ఆలోచనే చేయవు. కుండ ఉంటే ఒక్కో విడతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు. తర్వాత ఇంకో పంజరం, ఇంకో కిలో కొర్రలు, పిల్లలను ఎవరికిద్దామని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో బతిమాలుకోవడం. ఆ దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ ఉచిత కుండే.

తిండి ఖర్చు నిజంగానే తక్కువ. ఇంట్లో మేం తినే కొర్రలే వాటికీ. కాస్త వరిగలు, కొత్తిమీర, క్యారెట్ తురుము. కాకపోతే ఖర్చు వేరే దారిన వచ్చింది. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ పిట్టలను నిమిషాల్లో చంపేస్తుందని చదివి, పెనాలు తీసేసి ఇనుపవి కొన్నాను. ఆ డబ్బును పిట్టల ఖాతాలో రాయాలా, వంటింటి ఖాతాలో రాయాలా అని ఇప్పటికీ మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

అసలు గొడవ డాక్టరు ఫీజు మీద. పశువైద్యులు చాలామందే ఉన్నారు, పిట్టలను చూసేవాళ్లు తక్కువ. ఫీజు ఆరు వందలు. "మూడువందల యాభై పిట్టకు ఆరు వందల డాక్టరా? ఇంకోటి కొంటే పోదా?" అన్నారు మా ఆయన. లెక్క తప్పని ఎవరూ అనలేరు. మిక్సీ విషయంలో నేనూ అదే అంటాను. కానీ పాప దానికి పేరు పెట్టాక ఆ లెక్క నడవదు, అప్పుడు ఎంతయినా పెట్టేస్తాం. అందుకే పిట్టలు ఇంటికి రాకముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే, ఒక పరిమితి రాసుకున్నాం: ఒక్కో జబ్బుకు మూడు వేలు. నెలకు మూడు వందల రికరింగ్ డిపాజిట్ కూడా మొదలుపెట్టాను.

వంటింటి డిజిటల్ కాటా కొన్నదీ డాక్టరు ఖర్చు పెరగకూడదనే. పిట్టలు జబ్బును దాచుకుంటాయి, బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. బరువు ముందే చెబుతుంది. ముప్పై అయిదు గ్రాముల పిట్ట నాలుగు గ్రాములు తగ్గితే ఒంట్లో పదో వంతు పోయినట్టు. మగదానికి ఒకసారి అలా తగ్గితే వెంటనే తీసుకెళ్లాం. ఫీజు, మందులు కలిపి వెయ్యి లోపే అయిపోయింది. ఆయనే స్కూటర్ మీద తీసుకెళ్లారు, ఇంకోటి కొందామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు వీటిని ఎక్కడ ఉంచాలో ఇంకా తేలలేదు. బోర్డింగ్ వాళ్లు జంటకు రోజుకు రెండు వందలు అడుగుతున్నారు. కింది ఫ్లాట్ వదినగారు ఊరికే చూస్తానంటున్నారు గానీ, వాళ్లింట్లో పిల్లి ఉంది.