షామీర్‌పేట చెరువుగట్టున అస్ర్ వేళ

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి కరీంనగర్ రహదారిలో హకీంపేట, తూంకుంట దాటాక నగరపు రద్దీ కొంత సద్దుమణుగుతుంది. షామీర్‌పేట చెరువు కనిపించగానే మా అమ్మాయి కిటికీ దగ్గరకు జరిగింది. అంతవరకు ఒళ్లోని ప్రాజెక్టు ఫైలు మీద చేతులు పెట్టుకొని మౌనంగానే కూర్చుంది.

ఆమె మేడ్చల్ వైపున ఒక కళాశాలలో డిగ్రీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం అధ్యాపకురాలు ఇచ్చిన పట్టికలో ఒక లెక్క తప్పని ఆమెకు తెలుసు. అయినా చెప్పలేదు. ఎందుకమ్మా అని అడిగితే, “పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని మీరే కదా అబ్బా నేర్పింది!” అన్నది. నా వద్ద జవాబు లేకపోయింది.

మేము వెళ్లింది నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చదువుతున్న నా మేనల్లుణ్ణి చూడడానికి. 1998లో స్థాపితమైన ఈ సంస్థకు ప్రొఫెసర్ ఫైజాన్ ముస్తఫా 2012 నుంచి 2022 వరకు ఉపకులపతిగా ఉన్నారు. మేనల్లుడు మూట్ కోర్టు సంగతి చెప్పాడు. ఊహాజనిత వ్యాజ్యంలో విద్యార్థులు న్యాయవాదులు; అధ్యాపకుడో, అతిథిగా వచ్చిన న్యాయవాదో న్యాయమూర్తి. మధ్యలో ఆపి ప్రశ్నిస్తారు. తలూపి ఊరుకుంటే మార్కులు పోతాయి! విద్యార్థులే సంపాదకులుగా వెలువరించే న్యాయ పత్రిక కూడా అక్కడ ఉంది.

ఇదే ప్రాంతంలో, జవహర్‌నగర్ దగ్గర 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణంలో విద్యార్థి తనకు నచ్చిన అంశంతో అధ్యాపకుణ్ణి కలిసి, ఆయన పర్యవేక్షణలో ప్రాజెక్టు చేస్తే అది కోర్సుగానే లెక్కకు వస్తుంది. అరవై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న అధ్యాపకురాలికి అంత తీరిక ఎక్కడిది? ఆ మాటా ఒప్పుకోవాలి. మా అమ్మాయి మౌనానికి కారణం మాత్రం తరగతి గది కాదు, మా ఇల్లు.

తిరుగు ప్రయాణంలో చెరువుగట్టున ఆగాము. అస్ర్ అజాన్ ఇంకా కాలేదు. అప్పుడు కూఫా నగరపు విద్యాగోష్ఠి గుర్తుకొచ్చింది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఒక్కో సమస్యను శిష్యుల ముందుంచి వారితో వాదించేవారు. అస్ర్ వేళ విషయంలోనే చూడండి: మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దానికి రెండింతలైనప్పుడని గురువు అభిప్రాయం, ఒక్కింత చాలునని శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల అభిప్రాయం. హనఫీ గ్రంథాలు రెండింటినీ పక్కపక్కనే భద్రపరిచాయి. కొన్ని సమస్యలలో ఫత్వా శిష్యుల మాట మీదనే నిలిచింది. అయినా వారు ఆయన శిష్యులుగానే ప్రసిద్ధులు.

అమ్మాయి లేచి నిలబడి, నేల మీద తన నీడను అడుగులతో కొలిచింది.

“మరి మేడమ్ గారికి ఎలా చెప్పాలి అబ్బా?”

“సలహా అడిగినట్టు అడుగు. ‘ఈ లెక్క నాకు వేరుగా వస్తోంది, ఒకసారి చూస్తారా మేడమ్’ అను.”

“ఆమె కోప్పడితే?”

ఏమి చెప్పాలో తోచలేదు. ఆమె ఫైలు తెరిచి, ఆ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది.