నూరెంబర్గులో వేసవి బడి

వేసవి సెలవులు వస్తే మనవాళ్ళు తిరుపతి కొండకో, అమ్మమ్మగారి ఊరికో ప్రయాణం కడతారు. కిందటి వేసవిలో మేమిద్దరం పలకాబలపం పట్టినంత సంబరంగా జర్మనీలోని నూరెంబర్గుకు బయలుదేరాము. అంతర్జాతీయ నేర న్యాయమూ, మానవ హక్కులూ చదువుకోవడానికి. తల నెరిసే వయసులో బడేమిటని ఇంట్లో పెద్దలు నవ్వారు. కోర్టు పనిలో ఉన్నవాళ్ళం గనుక చదువు ముదిరిపోదని సమాధానం చెప్పాము. కాని మమ్మల్ని అక్కడికి నడిపించిన అసలు సంగతి వేరే ఉంది. అది తరువాత చెబుతాము.

నూరెంబర్గు బొమ్మల కొలువులాంటి ఊరు. కొండమీద కోట, ఎర్ర పెంకుటిళ్ళు, నడుమ చిన్న ఏరు. ఇంత ముచ్చటైన ఊరిలోనే హిట్లరు తన పార్టీ మహాసభలు జరిపించాడు. యూదుల పౌరసత్వాన్ని ఊడబెరికిన 1935 నాటి చట్టాలు ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. యుద్ధం ముగిశాక 1945 నవంబరు 20న ఆ పాలకుల మీద విచారణ మొదలైనదీ ఇక్కడే.

ఆ విచారణ జరిగిన 600వ నంబరు గది చూడడానికి ఒక ఉదయం వెళ్ళాము. మేము ఊహించుకున్నంత పెద్దది కాదు. నల్లని చెక్క పలకలు తాపడం చేసిన గోడలు. 2020 వరకూ అందులో మామూలు నేరాల కేసులు కూడా నడిచాయట. ఆనాడు 1946 అక్టోబరు 1న తీర్పు ముగిసేసరికి 12 మందికి మరణశిక్ష, 7గురికి కారాగారం పడ్డాయి. 3గురు నిర్దోషులుగా బయటపడ్డారు. పై అధికారి ఆజ్ఞాపించాడనడం నేరానికి సాకు కాదనీ, రాజ్యమేలేవాడైనా న్యాయానికి అతీతుడు కాడనీ అక్కడ తేలింది.

ఓడినవారినే బోనెక్కించారు, గెలిచినవారి తప్పుల మాటేమిటని మాతోటి విద్యార్థులు అడిగారు. ఆ ప్రశ్న కొత్తది కాదు. టోక్యో విచారణలో న్యాయమూర్తిగా కూర్చున్న మన రాధావినోద్ పాల్ 1948లోనే నిందితులందరూ నిర్దోషులని వేరుగా తీర్పు వ్రాశారు. రోములో 1998లో కుదిరిన ఒప్పందంతో 2002లో హేగు నగరంలో శాశ్వత న్యాయస్థానం వెలసింది గాని, భారతదేశంతో సహా కొన్ని పెద్ద దేశాలు అందులో చేరనేలేదు.

వీటన్నిటికంటె మా మనసుకు పట్టినది మరొకటి. ఆ గదిలో బోను పక్కనే గాజు పలకల వెనుక దుభాషీలు కూర్చునేవారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్, ఈ నాలుగు భాషల్లో ఎవరి భాషలో వారు చెవి గొట్టాలలో అప్పటికప్పుడు వినేవారు. మాట్లాడేవారు తొందరపడితే పసుపు దీపం వెలిగేది. నిదానించమని దాని అర్థం. ఎర్ర దీపం వెలిగిందా, మాట ఆపవలసిందే. దుభాషీకి అందనిదే విచారణ ముందుకు కదలదన్నమాట.

ఆ దీపాల సంగతి వింటూ మేము ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాము. కొన్నేళ్ళ క్రితం తమిళనాట ఒక కోర్టులో పల్లెటూరి అవ్వ ఒకామె సాక్ష్యం చెప్పింది. "ఆ అబ్బి వచ్చి మమ్మల్ని మందలించి పోయినాడు" అన్నది. మావైపు పల్లెల్లో మందలించడమంటే యోగక్షేమాలు అడిగి పలకరించడం. దుభాషీకి పుస్తకాల తెలుగే తెలుసు. తిట్టి బెదిరించాడని వ్రాయించాడు. మంచికి వచ్చినవాడు కాగితం మీద చెడ్డవాడైనాడు. అప్పుడు మేము ఆ గదిలోనే ఉన్నాము. కేసు మాది కాదు కదా అని లేవలేదు. బయటికి వచ్చాక అవ్వ, "నేను మంచిమాట చెబితే చెడుమాటగా రాసుకున్నారా నాయనా?" అని అడిగింది. మావద్ద జవాబు లేదు.

బడిలో ఒక పాఠం సరిగ్గా అక్కడే తగిలింది. కాంగో దేశీయుడైన కటంగా ఫ్రెంచి మాట్లాడగలడు. అయినా తనకు లింగాలా భాషలో దుభాషీ కావాలన్నాడు. ఏదో మాట్లాడగలిగినంత మాత్రాన చాలదు, పూర్తిగా అర్థం కావాలని హేగు న్యాయస్థానపు అప్పీలు ధర్మాసనం 2008లో చెప్పింది.

తిరుగు ప్రయాణానికి ముందు మానవ హక్కుల వీధి చూచాము. డానీ కరవాన్ అనే శిల్పి రూపొందించగా 1993లో ప్రారంభమైనది. 27 తెల్లని స్తంభాలు, నేలలో పాతిన మరి రెండు, ఒక ఓక్ చెట్టు, కలిపి 30. ఐక్యరాజ్యసమితి 1948లో ప్రకటించిన మానవ హక్కుల అధికరణాలు 30 గదా, ఒక్కొక్కటీ జర్మనులోనూ, మరొక భాషలోనూ చెక్కారు. మన లిపి కనబడుతుందేమోనని చిన్నపిల్లల్లా వెతుక్కుంటూ నడిచాము. చివరికి చెట్టు దగ్గర నిలబడ్డాము. స్తంభం దొరకని భాషలన్నిటికీ ఈ నీడ చాలునని మాకు తోచింది.

ఇల్లు చేరగానే మన చట్టాలే మరొకసారి తిరగవేశాము. సాక్ష్యం ఒక భాషలో చెప్పి మరొక భాషలో వ్రాసినప్పుడు, ఆ వ్రాసిన భాష సాక్షికి రాకపోతే, అతడు చెప్పిన భాషలో గాని, అతడికి అర్థమయ్యే భాషలో గాని దానిని తిరిగి వినిపించాలని మన నేర విచారణ చట్టంలోనే ఉంది. తప్పు వ్రాశారని సాక్షి అంటే న్యాయాధికారి ఆ అభ్యంతరాన్ని నమోదు చేయవచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు మన కష్టం విన్నవించుకోవచ్చు. ఇవి తెలుసుకోవడానికి సముద్రాలు దాటనక్కరలేదు. మేమే దాటవలసి వచ్చింది.

తరతరాలుగా పరభాషల నడుమ బతుకుతున్న మన ఇళ్ళలో కోర్టుమెట్లు ఎక్కవలసిన పెద్దలు ఎవరైనా ఉంటే, వ్రాసినది తెలుగులో వినిపించమని అడగమనండి. అవ్వ ఇప్పుడు లేదు. కాని తెలుగు సాక్షి బోనెక్కినప్పుడు, కేసు ఎవరిదైనా సరే, మేము చెవి ఒగ్గి కూర్చుంటున్నాము. మాట తప్పుదారి పడితే లేచి నిలబడుతున్నాము.