పాత పిస్టన్ల అర

"ముక్క తెచ్చావు సరే. కారణం ఏదీ?"

విజయవాడ ఆటోనగర్‌లో ఆ షెడ్డు గుమ్మం దాటకముందే నా చెవిన పడ్డ మాట ఇది. అన్నది మేస్త్రి, అరవై దాటిన మనిషి. ఎదురుగా నిలబడ్డ కుర్రాడి చేతిలో కాగితంలో చుట్టిన పిస్టన్ ఉంది. ఇలాంటిదే కొత్తది వేసి సాయంత్రానికి బండి ఇచ్చేయాలని అతని తొందర. మేస్త్రి ఆ పిస్టన్‌ను కిటికీ వెలుతురుకి పట్టి, చుట్టూ తిప్పి చూశాడు. "కొత్తది వేస్తా బాబూ. ఇదెందుకు పోయిందో తెలుసుకోకుండా వేస్తే అదీ ఇదే దారిన పోద్ది."

నేను వెళ్లింది మా మేనల్లుడితో, వాడి బండి కోసం. మట్టి ట్రాక్ మీద బండి నడపడమంటే వాడికి ప్రాణం. బెంగళూరులో ఒక రైడర్ దగ్గర పాత యమహా వైజెడ్ 125 కొన్నాడు. 1974 నుంచి ఆ పేరుతో వస్తున్న టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండ్ల వంశం అది. దానికి లైటు లేదు, బ్యాటరీ లేదు, కిక్కు కొడితేనే లేస్తుంది. రోడ్డెక్కకూడదు కాబట్టి ట్రాక్ దాకా ట్రాలీ ఆటోలో వెళ్తుంది. ఆర్నెల్లలో రెండుసార్లు ఇంజను పట్టేసింది. రెండుసార్లూ ఒక షాపులో కొత్త పిస్టన్ వేసి, డబ్బు తీసుకుని పంపేశారు. మూడోసారి పట్టేశాక, ట్రాక్ దగ్గర పరిచయమైనవాళ్లు ఈ షెడ్డుకి దారి చెప్పారు.

షెడ్డంతా చూపిస్తామని కుర్రాళ్లు పిలిచారు గానీ నేను కదల్లేదు. వెనక గోడకు ఒక చెక్క అర ఉంది. దాని మీద వరసగా చచ్చిపోయిన పిస్టన్లు. ఒక్కోదాని కింద సుద్దతో ఒక్కో మాట. ఒకచోట "దుమ్ము". ఆ పిస్టన్‌కి కార్బరేటర్ వైపు అంచు సాన పట్టినట్టు బూడిదరంగులో అరిగి ఉంది. ఎయిర్ ఫిల్టర్ కడగని బండిది. ఇంకోచోట "తొందర". దానికి నాలుగు మూలలా నిలువు గీతలు. ఇంజను వేడెక్కకముందే రేస్ గట్టిగా ఇస్తే అల్యూమినియం పిస్టన్ గబుక్కున ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న చల్లటి సిలిండర్ అంత త్వరగా సాగదు. ఆ నలుగుడులో పడ్డవే ఆ గీతలు. మరో పిస్టన్ నెత్తిన కన్నం, లోహం మైనంలా కరిగి కారింది. దాని కింద "వేడి". నేను చూసిన ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

మేస్త్రి మా వాడి బండి దగ్గర కూర్చున్నాడు. స్పానర్ పట్టుకోలేదు, ముందు ప్లగ్గు అడిగాడు. మా వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "కాఫీపొడి రంగులో ఉంటే కడుపు నిండా తిన్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇట్టా తెల్లబడితే మాడిపోతందని లెక్క. రెండు పిస్టన్లు వేసినోళ్లు దీన్ని చూళ్లేదా?"

ఆ తరవాత జరిగింది నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. పనికొచ్చే పిస్టన్ ఒకటి తాత్కాలికంగా వేసి సిలిండర్ బిగించాడు. సైలెన్సర్ మూతిని, కార్బరేటర్ మూతిని ట్యూబు రబ్బరుతో మూసేశాడు. ప్లగ్గు రంధ్రంలో ఒక గొట్టం బిగించాడు. ఆ గొట్టం రెండో కొసకి డాక్టర్లు బీపీ చూసే గేజీ, గాలి కొట్టే రబ్బరు బుడగ. బుడగ నొక్కుతూ ముల్లుని 250 దాకా ఎక్కించి చెయ్యి తీసేశాడు. ముల్లు అక్కడ నిలబడాలి. నిలబడలేదు. మెల్లగా, ఆగకుండా దిగుతోంది.

సబ్బునీళ్ల బ్రష్‌తో ఒక్కో అతుకూ తడిపాడు. హెడ్డు దగ్గర ఏమీ లేదు. రీడ్ వాల్వ్ దగ్గర ఏమీ లేదు. ఎడమవైపు మాగ్నెట్ పుల్లర్‌తో ఊడదీసి, దాని వెనక ఉన్న క్రాంకు సీలు మీద బ్రష్ పెట్టాడు. మల్లెమొగ్గల్లా బుడగలు లేచాయి. వేలికి ఉంగరంలా పట్టే రబ్బరు ముక్క. దాని పెదవి ఎండి బిరుసెక్కింది. మూడు పిస్టన్లని తిన్నది అదే.

అదెలాగో ఆయన చేతులతో చూపించి చెప్పాడు. టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ పైకి లేచినప్పుడు కింద క్రాంకు గదిలోకి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసి వస్తాయి. కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం పక్క దారుల్లో పైకి ఎక్కుతుంది. అంటే ఆ గది ఊపిరి తీస్తుంది. గాలి దొంగదారిన చొరబడితే పెట్రోలు పాలు తగ్గి మంట వేడెక్కుతుంది. ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి వేడి పెరిగిన ఆ క్షణానే నూనె కూడా కరువవుతుంది. "కుడిపక్క సీలు పోతే గేరాయిలు తాగి తెల్లపొగ కక్కుద్ది. గుడ్డోడికైనా వాసన తెలుస్తది. ఎడమపక్కది గాలి తాగుద్ది. గాలికి రంగుందా, వాసనుందా? ప్లగ్గు ఒక్కటే చెప్పాల."

ఈ మనిషి చదువంతా ఆర్‌ఎక్స్ 100 మీద. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ 98 సీసీ బండి మీద ఎందరో మెకానిక్కుల చేతులు తిరిగాయి. దానికి ఆయిలు వేరే పంపు ద్వారా వెళ్లేది, వైజెడ్‌కి పెట్రోల్లోనే కలపాలి. తేడా అంతే, వినాల్సిన చప్పుడు ఒకటే. రోడ్ల మీంచి టూ స్ట్రోకులు వెళ్లిపోయినందుకు నాకు విచారం లేదు. కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్లోకి జారిపోవడం ఆ ఇంజను పుట్టుకలోనే ఉంది. ఊరి మధ్య ఆ పొగ పీల్చాలని ఏ పిల్లవాడికీ రాసిపెట్టలేదు. నా బాధ బండి గురించి కాదు. బండితోపాటు వెళ్లిపోతున్న చూపు గురించి.

ఇలాంటి విద్య మనిషిలోనే ఉంటుందని మోటార్ సైకిళ్ల చరిత్రే చెబుతుంది. టూ స్ట్రోక్ సైలెన్సర్ పొట్ట ఉబ్బుగా ఎందుకుంటుందంటే, అందులో వెనక్కి తిరిగే ఒత్తిడి అల, జారిపోబోయే పెట్రోలుని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. దాన్ని తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ కంపెనీలో పదును పెట్టినవాడు వాల్టర్ కాడెన్. 1961లో ఆ జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి సుజుకిలో చేరాడు. మరుసటి ఏడే, 1962లో, సుజుకికి 50 సీసీ ప్రపంచ టైటిల్ వచ్చింది. ఒక్క మనిషి కదిలితే అంత విద్య కదిలింది. మరి మన షెడ్లలో ఒక్కొక్కరే పని మానేసి ఇంటికి వెళ్లిపోతుంటే ఎంత పోతోంది? ఆ లెక్క ఎవరు రాస్తున్నారు?

ఐటీఐలు ఉన్నాయి, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఇలాంటి మేస్త్రిని ఏడాదికి ఒక నెల పిలిచి, గౌరవంగా జీతమిచ్చి, ఈ అర ముందు పిల్లల్ని కూర్చోబెట్టడానికి అడ్డేమిటి? నేర్చుకునేవాడు రేపు కరెంటు బండి బాగుచేసినా ఈ పాఠం పనికొస్తుంది. పోయిన ముక్కని చేతిలోకి తీసుకుని అదెందుకు పోయిందని అడగడం ఏ బండికైనా ఒకటే. రెండుసార్లు పిస్టన్ మార్చిన ఆ షాపు మీద నాకు కోపమే. మా డబ్బు పోయిందని కాదు, రెండుసార్లు తెల్లటి ప్లగ్గు చేతిలో పట్టుకుని కూడా చూడలేదని.

సిలిండర్ గోడ మీద కోటింగు చెక్కుచెదరలేదని మేస్త్రి గోరు ఆనించి, చుట్టూ తిప్పి తేల్చాడు. ఇనప స్లీవులాగా దీన్ని బోరు కొట్టించడానికి లేదు. కోటింగు లేస్తే మళ్లీ పూత వేయించాల్సిందే. అది నిలిచినందుకు మా వాడు దండం పెట్టాడు. రెండువైపులా కొత్త సీళ్లు పడ్డాయి. కొత్త పిస్టన్‌ని మాత్రం మేస్త్రి మా వాడి చేతే వేయించాడు. నెత్తి మీది బాణం సైలెన్సర్ వైపుండాలి. రింగుని ముందు ఒంటరిగా సిలిండర్లోకి దింపి, కొసల మధ్య సందుని ఫీలర్ గేజీతో కొలవాలి. ఆ కొసలు పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కలవాలి. లేకపోతే పోర్టు అంచుకి తగులుకుని విరుగుతాయి. పాత సర్క్లిప్ మళ్లీ వాడకూడదు. మా వాడి వేళ్లు వణికినప్పుడల్లా ఆయన తన చేతులు వెనక్కి కట్టుకుని ఆగాడు.

చివరగా చెప్పినవి వాడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. లీటరు పెట్రోలుకి 33 మిల్లీలీటర్ల ఆయిలు, కొలిచి పోయాలి, అంచనా వద్దు. రేడియేటర్ పక్కన సిలిండర్ చేతికి వెచ్చగా తగిలేదాకా నెమ్మదిగా తిప్పాలి. ట్రాక్ నుంచి రాగానే ఫోమ్ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. పొడుగాటి దిగుడులో రేస్ మొత్తం మూసి గేరు మీద దింపకూడదు, పెట్రోలు ఆగితే నూనె కూడా ఆగుతుంది. ఎండాకాలం గాలి పలచబడుతుంది, చలికాలం ఉదయం చిక్కబడుతుంది, కార్బరేటర్ జెట్టు దానికి తగ్గట్టు మార్చాలి. ప్రతిసారీ ప్లగ్గు చూడాలి.

నాలుగో కిక్కుకి బండి లేచింది. ఇనప రేకుల షెడ్డంతా మోగింది. మేస్త్రి దాన్ని ఆపించి, పట్టేసిన మూడో పిస్టన్‌ని అర మీద పెట్టి, సుద్దముక్క మా వాడి చేతికిచ్చాడు. "నీ బండిది. నువ్వే రాయి బాబూ."

వాడు "గాలి" అని రాశాడు. కాసేపు దాన్నే చూశాడు. అరచేత్తో తుడిచేసి, మళ్లీ రాశాడు: "ప్లగ్గు చూడలేదు."