ఉస్మాన్‌గంజ్ గోదాంలో 40 అంగుళాల కారు

40 అంగుళాలు. మన స్ప్లెండర్ బండి ఎత్తు కంటే కాస్త తక్కువే. టైర్ల నుంచి టాప్ దాకా ఒక కారు మొత్తం అంత ఎత్తులోనే ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫోర్డ్ జీటీ40 అలాంటి కారు. దాని పేరులో 40 అన్నది ఈ అంగుళాల లెక్కే. ఉస్మాన్‌గంజ్‌లో మా ఇంటి కింద గోదాంలో దాని నకలు ఒకటి మూడేళ్లుగా తయారవుతోంది. చేస్తున్నది నేనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు వెల్డింగ్.

ఇంతకీ ఆ కారు గొప్పేంటంటారా? 1963లో ఫెరారీ కంపెనీని కొనేద్దామని ఫోర్డ్ బేరానికి వెళ్లింది. చివరి నిమిషంలో బేరం చెడింది. అయితే రేసులోనే తేల్చుకుందామని ఫోర్డ్ తయారుచేయించిన కారే జీటీ40. ఫ్రాన్స్‌లో లే మాన్ అనే ఊళ్లో 24 గంటల రేసు జరుగుతుంది. పగలూ రాత్రీ ఆగకుండా నడపాలి. 1966లో అక్కడ మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్‌వే. 1969 దాకా వరసగా నాలుగేళ్లు గెలిచింది. పైగా 1968లో గెలిచిన కారే, అదే చాసిస్, 1969లోనూ గెలిచింది. 2019లో వచ్చిన 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' సినిమా చాలామంది చూసే ఉంటారు. అందులో పరుగెత్తిన కార్లలో ఎక్కువ భాగం నకళ్లే. అసలువి కోట్లు పలుకుతాయి, ఎవరు గుద్దనిస్తారు?

"రేసు కారుకి రోడ్డు మీదేం పని?" అని ఆఫీసులో చాలామంది అడిగారు. పని ఉంది బాస్. లే మాన్ ట్రాక్‌లో పేరుమోసిన మల్సాన్ స్ట్రెయిట్, దాదాపు 6 కిలోమీటర్లు, రేసు లేని రోజుల్లో మామూలు రోడ్డే. లారీలు, కూరగాయల బండ్లు అన్నీ తిరుగుతాయి. మన దగ్గర 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు కూడా మనం రోజూ తిరిగే రోడ్ల మీదే జరిగింది కదా. ఫోర్డ్ కూడా మార్క్ 3 అని రోడ్డు కోసమే ఏడు జీటీ40లు చేసింది. ఇంకో ముచ్చట. రేసు జీటీ40ల్లో ఎక్కువ వాటికి స్టీరింగ్ కుడివైపే. అంటే మన రోడ్లకి సరిపోయేదే!

ఇలాంటి బండి కట్టాలంటే ఉస్మాన్‌గంజ్‌కి మించిన అడ్డా లేదు. గోషామహల్‌లో పాత కార్ల తుక్కు దుకాణాలు. కోఠి వైపు వెళితే పుత్లీబౌలిలో స్పేర్ పార్టులు. ఇటు ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసేవాళ్లు. నవ్వకండి, కారు బాడీ అచ్చు తీయడం గురించి నేను సగం నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. ముందు మట్టితోనో థర్మకోల్‌తోనో అసలు రూపం చేయాలి. దాని మీద అచ్చు తీయాలి. అచ్చు ఏ వైపుకి ఊడివస్తుందో ముందే చూసుకోకపోతే బొమ్మ విరుగుతుంది, కారు తలుపైనా అంతే. ఆ తర్వాత అచ్చులో ఫైబర్ మ్యాట్ పరిచి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి పూయాలి. మే నెల ఎండలో హార్డెనర్ ఒక్క చుక్క ఎక్కువైతే డబ్బాలోనే రాయైపోతుంది. అందుకే ఎండాకాలంలో ఆ పని పొద్దున ఆరుకే మొదలుపెడతాం.

జీటీ40కి ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది. అసలు కారులో పెద్ద వీ8. అంత డబ్బు నా దగ్గర ఎక్కడిది? వెనక దెబ్బ తగిలి తుక్కుకొచ్చిన ఒక సెడాన్ నుంచి 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజన్ బిల్లుతో సహా తీసుకున్నాను. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలకి పోయే షాఫ్టులు అన్నీ ఒక్క ముద్దగా ఉంటాయి. ఆ ముద్దని అలాగే ఎత్తి సీట్ల వెనక పెడితే వెనక చక్రాలు తిరిగే కారు అయిపోతుంది. ప్రపంచంలో చవగ్గా ఇలాంటి కార్లు కట్టేవాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. రేడియేటర్ మాత్రం ముందే ఉండాలి, నీళ్ల పైపులు కారు పొడవునా లాగాలి. నాకు సాయం చేసే మెకానిక్ చాచాది ఒకటే మాట: "బేటా, పహలే బ్రేక్, బాద్‌మే ఇంజన్." ముందు ఆగడం తెలియాలి, ఆ తర్వాతే ఉరకడం.

ఇప్పటిదాకా అయిన ఖర్చు 4 లక్షల 60 వేలు. అసలు కథ ఇక్కడే మొదలైంది.

నాన్న ఇదే గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో 31 ఏళ్లు గుమస్తా. గోదాం ఆ సేఠ్‌దే, నాన్న మొహం చూసి తక్కువ కిరాయికి ఇచ్చాడు. ఒకరోజు నాన్న కారు చుట్టూ తిరిగి చూసి అడిగాడు, "గీ బండికి నంబర్ వస్తదా బిడ్డా?"

రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ రిజిస్టర్ చేయించిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. సరే, పాత కారుని మార్చడం కాదు, కొత్త కారే కట్టాం అందామా? అప్పుడు పుణెలో ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షలన్నీ పాస్ కావాలి. అవి వేలల్లో కార్లు అమ్మే కంపెనీల కోసం పెట్టినవి. ఇంట్లో కట్టిన ఒక్క కారుకి వేరే దారి లేదు. బ్రిటన్‌లో ఉంది. అక్కడ ఒక్కో బండినీ విడిగా పరీక్షించి నంబర్ ఇస్తారు. అమెరికాలో 2015 చట్టంతో పాత కార్ల నకళ్లు చేసే చిన్న కంపెనీలకి ఏడాదికి 325 దాకా అనుమతి ఉంది.

ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ ఒక బ్రోకర్ వచ్చాడు. తుక్కైపోయిన పాత కారు ఆర్సీ ఉందట. దాని చాసిస్ నంబర్ మన బండి మీద కొట్టించేస్తే అయిపోతుందట. 80 వేలు. పైగా నంబర్ ఉంటే 14 లక్షలకి కొనే పార్టీ కూడా రెడీ. 14 లక్షలు! అత్తాపూర్‌లో అమ్మ చూసిపెట్టుకున్న ఫ్లాట్‌కి అడ్వాన్స్ సరిగ్గా అంతే కావాలి. 27 ఏళ్లుగా మేం కిరాయి ఇంట్లో ఉన్నాం. అమ్మ ముఖం వెలిగిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉద్యోగంలో టెస్ట్ చేయని కోడ్ ప్రొడక్షన్‌లోకి పోతే సర్వర్ పడిపోతుంది, వెంటనే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. రోడ్డు మీద పాత వెర్షన్ ఉండదు. పొద్దున పదింటికి మా గల్లీలో నిలబడి చూడండి. తల మీద బస్తాతో హమాలీలు, ట్రాలీ ఆటోలు, స్కూలు పిల్లలు. వాళ్ల నడుము ఎత్తు కూడా లేని కారు, వెనక అద్దంలో సగమే కనిపించే కారు, ఏ సంస్థా బ్రేకులు పరీక్షించని కారు వాళ్ల మధ్య దూరితే? దెబ్బ తగిలినవాడికి ఇన్సూరెన్స్ డబ్బులు కావాలంటే ముందు ఆ బండి కాగితం నిజమై ఉండాలి. అమ్మేశాక నడిపేది నేను కాదు కదా అనుకోవచ్చు. కట్టింది మాత్రం నేనే.

పొద్దున నాన్నతో చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ముప్పై ఏండ్లు చిట్టా రాసిన. ఒక్క దొంగ ఎంట్రీ రాస్తే దాన్ని కాపాడనీకి ఇంకో పది రాయాలె. వద్దని చెప్పు."

వద్దన్నాను. అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమెది తప్పని నేననను. ఫ్లాట్ వేరేవాళ్లు తీసుకున్నారు.

1969 లే మాన్ రేసు నాకు తరచూ గుర్తొస్తుంది. అప్పట్లో జెండా ఊపగానే డ్రైవర్లు రోడ్డుకి అడ్డంగా పరుగెత్తి, కార్లలో దూకి బయల్దేరేవాళ్లు. తొందరలో బెల్టు పెట్టుకోకుండానే వెళ్లేవాళ్లు. ఆ పద్ధతి నచ్చని జాకీ ఇక్స్ అనే కుర్రాడు ఆ రోజు నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి, జీటీ40లో కూర్చుని, బెల్టు పెట్టుకుని అందరికంటే చివర బయల్దేరాడు. మొదటి ల్యాప్‌లోనే ఇంకో డ్రైవర్ ప్రమాదంలో చనిపోయాడు. 24 గంటల తర్వాత గెలిచింది ఇక్సే, సుమారు 120 మీటర్ల తేడాతో. మరుసటి ఏడాది ఆ పరుగు పద్ధతే తీసేశారు.

మన హైదరాబాద్‌లోనూ ఓపికకి ఉదాహరణ ఉంది. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం చూశారా? సుధాకర్ గారు వంకాయ, బూటు, క్రికెట్ బంతి ఆకారాల్లో కార్లు చేశారు, అన్నీ నడిచేవే. 2005లో 41 అడుగుల ఎత్తు మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు కొట్టారు. చేత్తో కట్టిన బండికి విలువ రావాలంటే దొంగ నంబరే అక్కర్లేదని నాకు అక్కడే అనిపించింది.

బ్రిటన్ లాంటి పరీక్ష మన దగ్గరా పెడితే మొదటి లైన్లో నేనే నిలబడతా. ఫీజు కట్టమంటే కడతా, ఫెయిల్ చేస్తే మళ్లీ కట్టుకొస్తా. అప్పటిదాకా ఈ బండి రోడ్డెక్కదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. చాచా బ్రేకులకి ఓకే చెప్పి, ట్రాక్ వాళ్లు తనిఖీ చేసి సరే అన్నాక ట్రైలర్ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఫ్లాట్ కోసం వేరే ఖాతాలో నెలనెలా పొదుపు మొదలుపెట్టాను, పాస్‌బుక్ అమ్మ దగ్గరే.

ఖర్చు తగ్గుతుందని పక్క సీటు వద్దనుకున్నాను. పోయిన ఆదివారం నాన్న టేపు పట్టుకుని కిందకి దిగాడు. ఎడమవైపు ఖాళీ కొలిచి, నా నోట్‌బుక్‌లో తన చిట్టా అక్షరాలతో రాశాడు: "సీటు ఒకటి. బెల్టు ఒకటి."