పదహారు వేల కోట్ల అక్షరాలు

పోయిన నెల ఆఫీసులో నా పరువు పోయిన సంగతి ఇది. ముందే చెప్పేస్తున్నా, తప్పు నాదే.

జావాలో ఒక రిపోర్టు పేజీ రాశాను. డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చి, లూపులో ఒక్కొక్కదాన్నీ హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, ప్లస్ ఈక్వల్స్‌తో ఒకే స్ట్రింగుకి అతికించడం, అంతే. వంద వరుసలతో టెస్ట్ చేస్తే రెప్పపాటులో వచ్చింది. లైవ్‌లో 40 వేల వరుసలు తగిలేసరికి నిమిషం దాటినా తెల్ల స్క్రీనే!

నేనేం చేశానో తెలుసా? "క్వెరీ స్లోగా ఉంది, ఇండెక్సులు చూడండి" అని డేటాబేస్ చూసుకునే ఆయనకి మెయిల్ కొట్టాను. అదీ మేనేజర్ని సీసీలో పెట్టి మరీ. ఆయన నా సీటు దగ్గరకొచ్చి, "క్వెరీ సెకనులోపే అయిపోతోంది బాబూ. తర్వాత నీ దగ్గర ఏమవుతోందో చూసుకో" అన్నారు.

థ్రెడ్ డంప్ నాలుగుసార్లు తీశా. నాలుగుసార్లూ నా ప్లస్ ఈక్వల్స్ లైను దగ్గరే. హతవిధీ!

పెళ్ళిలో చదివింపులు రాసే మనిషిని ఊహించుకోండి. కొత్త పేరు వచ్చినప్పుడల్లా పాత పుస్తకం పారేసి, కొత్త పుస్తకంలో మొదటినుంచీ పేర్లన్నీ ఎక్కించి, చివర్న ఈ ఒక్క పేరు రాస్తే ఎలా ఉంటుంది? నా లూపు చేసింది అదే. జావాలో స్ట్రింగుని ఒకసారి తయారుచేశాక మార్చలేం. అతికించిన ప్రతిసారీ మొత్తం కాపీ చేసి కొత్తది చేయాల్సిందే.

వరుసకి 200 అక్షరాలనుకుంటే పేజీ మొత్తం 80 లక్షల అక్షరాలు. దానికోసం కాపీ అయ్యేవి దాదాపు 16 వేల కోట్లు! కుంభకోణాల వార్తల్లో తప్ప నేనెప్పుడూ వినని అంకె. అదే వంద వరుసలకైతే పది లక్షలే, అందుకే టెస్టింగులో దొరకలేదు. వరుసలు 400 రెట్లు పెరిగితే పని లక్షా అరవై వేల రెట్లు పెరిగిందన్నమాట.

మందు అందరికీ తెలిసిందే, స్ట్రింగ్‌బిల్డర్. 2004లో జావా 5తో వచ్చింది. ఖాళీ ఉన్నంతసేపూ చివర్న రాసుకుంటూ పోతుంది, నిండితే దాదాపు రెట్టింపు చోటు తీసుకుంటుంది. 2017లో వచ్చిన జావా 9 నుంచి కంపైలర్ ఒక లైనులోని ప్లస్‌లను ఇంకా తెలివిగా కలుపుతోంది గానీ, లూపు తిరిగిన ప్రతిసారీ కొత్త స్ట్రింగు మాత్రం తప్పదు. మార్చింది మూడు లైన్లు. పేజీ రెండు సెకన్లలో వచ్చేసింది.

అసలు సిగ్గుచేటు ఏంటంటే, ఈ ప్రశ్నకి కాలేజీలో జవాబు రాశాను, ఇంటర్వ్యూలో చెప్పాను, మొన్నామధ్య ఓ ఫ్రెషర్ని నేనే అడిగి, చెప్పలేదని మార్కులు కూడా తగ్గించాను! జవాబు నోటికొచ్చింది గానీ చేతికి రాలేదు.

ఆయనకి సారీ చెబుతూ మెయిల్ పెట్టాను. నింద వేసింది నలుగురిలో కాబట్టి, ఈసారి కూడా మేనేజర్ని సీసీలో పెట్టాను.