హెండను విమానశాల

లండను నగరపు వాయవ్యభాగమున హెండను అను స్థలము గలదు. పూర్వమది విమానములు దిగు మైదానము. 1972వ సంవత్సరమునుండి బ్రిటిషు వైమానికదళపు ప్రదర్శనశాల. మా యన్నగారి యింట నొకనెల గడపుటకు బోయినపుడు మేనల్లుడు నన్నచ్చటికి గొనిపోయెను.

పండ్రెండేండ్ల యా బాలుడు చెక్కపలకపై 1940 నాటి విమానస్థలమును గూర్చుచుండెను. అందలి వస్తువులన్నియు నిజమైనవానిలో 72వ వంతు. 36 అడుగులకు మించిన రెక్కలుగల స్పిట్‌ఫైరు విమానమచ్చట 6 అంగుళములే, నూనెపీపా యర్ధాంగుళము. విమానము ముచ్చటగా నుండెను గాని, చుట్టునున్న పీపాలు, నిచ్చెనలు, బండ్లు తిరునాళ్ల లక్కపిడతలవలె మెఱయుచుండెను. "అత్తా, ఇది బొమ్మలకొలువువలె నున్నది" అని వాడు దిగులుపడెను.

శాలలో బాలుని చూపు విమానములమీద, నా చూపు పనిముట్లమీద. చక్రముల కడ్డుపెట్టు కొయ్యదిమ్మల యంచులు నలిగియున్నవి. నిచ్చెనమెట్ల నడుమ రంగుపోయి లోహము తేలినది. కత్తిపీట, రోకలి యెఱిగిన స్త్రీ కిది క్రొత్తగాదు: చేయి తగిలినచోట నునుపు, తగులనిచోట మాపు. "నాయనా, ఎవరెచ్చట పట్టుకొందురో తెలియక రంగు వేయరాదు" అంటిని.

అచ్చటనే 1918 నాటి డిహావిలండు విమానమొకటి కలదు. హైదరాబాదు నైజాము కానుకగా నిచ్చినవానిలో నిది యొకటి. ఆ కానుకలో మన తెలంగాణపు రైతు చెమట యెంత గలదో యని తలపోసితిని. ఆ యేటనే యది శత్రువుల చేజిక్కెను. జర్మనీ, పోలండు దేశములు తిరిగి 1977లో నీ శాలకు జేరెను. "అందున్నవా రేమైరి?" అని బాలుడడిగెను. "బందీలైరి" అంటిని. వాడు మఱి మాటాడలేదు.

ఇంటికి వచ్చి పని మొదలిడితిమి. మెఱపులేని రంగులో కొంచెము తెలుపు కలిపి పూసితిమి. చిన్న వస్తువునకు అసలురంగు వేసిన మఱింత ముదురుగా దోచును. ఆరినపిదప పలుచని గోధుమరంగు నీరు పాఱించి తుడువగా, అది సందులలో మాత్రము నిలిచెను. దాదాపు పొడియైన కుంచెతో నంచులపై లేతరంగు రాచితిమి. స్పంజిముక్కతో రాపిడిచోట్ల వెండిరంగద్దితిమి. పీపామూతుల చమురుమఱకకు మాత్రము మెఱపుంచి, చక్రములకు మట్టిరంగు పొడి యంటించితిమి. యంత్రమును కదలించుటకు విద్యుత్తునిచ్చు బ్యాటరీబండిని విమానపు ప్రక్కను నిలిపితిమి.

సైంధవవధనాడు పార్థుడు బాణముతో నేల జీల్చి జలము రప్పింపగా, శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, నాటిన యమ్ములు దీసి, నీరు త్రావించెను. ఆ సేవ లేనిదే రథము కదలదు. 1939లో నేర్పడిన స్త్రీల సహాయక వైమానికదళమున 1943 నాటికి 1,80,000 మందికిపైగా వనితలుండిరి. యంత్రములు బాగుచేసినవారును అందు గలరు. ఇది చెప్పగా బాలుడు బండికడ నొక స్త్రీబొమ్మను నిలిపెను.

మఱునాడు చూడగా, రెండవ విమానమునకై యుంచిన చోట విమానము లేదు. కొయ్యదిమ్మలు రెండు, నేలపై చమురుమఱక మాత్రమే యున్నవి.

"అది తిరిగి రాలేదత్తా" అనెను.