చెరువుగట్టున ఒక ఆదివారం

మలక్‌పేట దాటి తూర్పుగా పోతుంటే దిల్‌సుఖ్‌నగర్ వచ్చిందని కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది. బస్సుల హారన్లు, కోచింగు సెంటర్ల ముందు కుర్రకారు, చీరెల దుకాణాల పిలుపులు, సాయిబాబా గుడి దగ్గర పూలబేరాలు - అన్నీ ఒక్కసారే మీద పడతాయి. నెత్తిమీద మెట్రో రైలు. 2018 సెప్టెంబరులో ఈ దారి ఎల్.బి. నగర్ దాకా తెరిచారు. లాల్ బహదూర్ నగర్ అనే పూర్తిపేరు బోర్డులమీదే గాని జనం నోట వినపడటం అరుదు. ఒకప్పుడది వేరే మునిసిపాలిటీ. 2007లో మహానగరంలో కలిసిపోయింది.

పెద్దరోడ్డు వదిలి దక్షిణంగా కాస్త దూరం నడిస్తే సరూర్‌నగర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలంనాటిది. ఆ పక్క పల్లపు వీధుల్లోకి మొన్న ఒక ఆదివారం మా అన్నగారి అమ్మాయి వెంట వెళ్ళాను. సాంఘిక శాస్త్రం చదువుతోంది. చేతిలో ముప్ఫయి ప్రశ్నల కాగితం. నా పని గొడుగు పట్టుకోవడం.

మొదటి ఇంట్లోనే చుక్కెదురయింది. గడపమీద కూర్చున్న ముసలమ్మ కాగితంవంక చూసి నవ్వింది.

"ఎన్నిసార్లు రాస్కపోతరు బిడ్డా? రాస్కపోయినోళ్ళల్ల మళ్ళ ఒక్కరన్న వచ్చిన్రా?"

"ఇది చదువుకోసం అవ్వా. ఇక్కడో సంతకం పెడితే చాలు."

"సంతకమా? రేపు ఇల్లు కాలీ చెయ్యమంటే ఈ సంతకమే చూపిస్తరు!"

అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ముసలమ్మ మాటలో అన్యాయమేమీ కనపడలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అని రాష్ట్రమంతా ఒక్కరోజులో లెక్క రాసుకున్నారు. 2024లో మళ్ళీ కులాల లెక్కలకు వచ్చారు. ఇవికాక కాలేజీవాళ్ళు, కంపెనీవాళ్ళు. అడిగేవాడికి ఒక రోజు పని. చెప్పేవాళ్ళకు జీవితమంతా పరాయి చేతిలో పెట్టినట్టు.

సంతకం అంటే తేలికకాదు సుమండీ! 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు పరిశోధన పేరిట టీకాలు వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లే అంగీకారపత్రాలమీద సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపించారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. కాగితం నిండినంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్టు కాదు.

అలాగని అడగడమే పాపమూ కాదు. ఈ హైదరాబాదుకే 25 మైళ్ళలో ఉన్న షామీర్‌పేటకు 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఎస్.సి. దూబే బృందంతో వెళ్ళారు. ఊరి బతుకును అధ్యయనం చేస్తూనే వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్ళచేత ఊరికి సాయమూ చేయించారు. 1955లో వెలువడిన 'ఇండియన్ విలేజ్' దేశదేశాల్లో పాఠ్యగ్రంథమయింది. తీసుకున్నదానికి ఎంతో కొంత తిరిగి ఇవ్వాలన్న తలంపు అప్పటినుంచే ఉన్నదన్నమాట.

ఈ కథ చెబితే మా అమ్మాయి కాసేపు ఊరుకుంది. తరువాత కాగితం మడిచి సంచిలో పెట్టేసింది.

"పోనీ, మీరే చెప్పండి అవ్వా. మేం ఏమి అడగాలి?"

ముసలమ్మ లేచి గోడ చూపించింది. నడుమెత్తున మట్టిచార.

"గిది అడుగు. నీళ్ళు ఎంతదాక వచ్చినయి, ఎన్నొద్దులు ఉన్నయి, ఎవరొచ్చి చూసిన్రు - గిది అడుగు."

2020 అక్టోబరు వానల్లో చెరువు పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పటి చార అది. 'ఇల్లు సొంతమా, అద్దెదా?' మొదలు 'టీవీ ఉన్నదా?' వరకు అడిగే ఆ ముప్ఫయి ప్రశ్నల్లో నీళ్ళమాట ఒక్కటీ లేదు!

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. ఒకరు మోకాలిదాకా అన్నారు, ఒకరు రొమ్ముదాకా అన్నారు. వీధి పటం నేలమీద సుద్దముక్కతో వాళ్ళే గీశారు. పేర్లు వద్దన్నారు, అమ్మాయి రాయలేదు.

రెండు వారాల తరువాత మళ్ళీ వెళ్ళాము. రాసుకున్నదంతా అమ్మాయి అరుగుమీద కూర్చుని చదివి వినిపించింది. రెండు తప్పులు దిద్దారు. ఒకావిడ తన ఇంటి గుర్తు తీసేయమంటే తీసేసింది. ఒక ప్రతి వాళ్ళకే ఇచ్చింది - వార్డు ఆఫీసుకు పోయేటప్పుడు చూపించుకోవడానికి.

దానితో కాలువ బాగుపడుతుందో లేదో నేను చెప్పలేను. ముసలమ్మ మాత్రం ఆ కాగితాన్ని రేషనుకార్డు పక్కన దాచుకుని, మాకు చాయ్ పోసింది.

"మళ్ళొచ్చిన్రు. గంతే చాలు," అన్నది.